పలుగురాతి పలక, పనివాని ఊపిరి
(సాల్ట్ లేక్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాల్ట్ లేక్ ఇండ్లలో నేడు వంటగట్టుపై క్వార్ట్జ్ పలక పరుస్తున్నారు. ముచ్చటైనదే, మరక పట్టదు. మన అచ్యుతాపురంలో తయారై అమెరికాకు కూడా పోవుచున్నది. అయితే ఇది గనిలో పుట్టిన రాయి కాదు. పలుగురాతి పొడికి రెసిన్ కలిపి, అదిమి, వేడితో గట్టిపరచినది. సంప్రదాయ రకాలలో సిలికా 90 శాతం వరకు ఉంటున్నది; గ్రానైటులో సుమారు 30. పరచిన పలక హాని చేయదు. పొడిగా కోసినపుడు లేచే సన్నని ధూళియే ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ కలిగిస్తున్నది. దానిని నయం చేసే మందు లేదు.

ఇక్కడికి దగ్గరనే మినాఖాన్ ఉన్నది. 2009లో ఐలా తుపాను పొలాలను ఉప్పునీటిపాలు చేయగా, అక్కడి యువకులు ఆసన్‌సోల్ వైపు పలుగురాతి పొడి మిల్లులకు కూలికి పోయిరి. తిరిగి వచ్చినవారిలో ఎందరో ఊపిరి అందక కన్నుమూసిరి. వారు పొడి చేసినదీ ఈ రాతినే.

ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి ఈ పలకను నిషేధించినది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రకటించవలసిన వ్యాధిగా ఏనాడో పేర్కొన్నది. కాని మేడమెట్లపై కూర్చుని పలక కోసే కుర్రవాని పేరు ఏ రిజిస్టరులో ఉన్నది?

మన క్వార్టర్లలో, తపాలా కార్యాలయాలలో ఇట్టి పని జరిగినపుడు నీరు పోయుచునే కోయవలెననీ, ముక్కుకు గుడ్డ చాలదు, సరియైన మాస్కు ఈయవలెననీ టెండరు షరతులలోనే వ్రాయించుటకు ప్రతి బ్రాంచి తీర్మానం పంపవలెనని కోరుచున్నాను.