'వేయు' ఒక్కటే, అర్థములు పెక్కు



భివండీలో సాంచాల నడుమ మనము ఇంట తెలుగు, బజారున మరాఠీ మాట్లాడుచున్నాము. "ఆకలి వేసింది, చలి వేస్తోంది, తాళం వేయి" అని అన్నిటికీ ఒక్క 'వేయు'తోనే సరిపెట్టుకొందుము. మరాఠీలో అవి "భూక్ లాగలీ, థండీ వాజతే, కులూప్ లావ్". 'వాజతే' అనగా మోగుచున్నదని. వారికి చలి మోగును! ఆ 'లాగలీ'యే "ఝోప్ లాగలీ" అన్నచోట మనకు నిద్ర 'పట్టింది'. కనుక క్రియను విడదీయక, పక్కనున్న మాటతో కలిపి మార్చవలెను.

వైద్యుని యెదుట అమ్మ బాధను మరాఠీలో చెప్పునది మన పిల్లలే. వారికి తెలుగు పలుకుబడి జారిపోయినచో అమ్మ మాట సగమే చేరును. ఉగాదిని, గుడీ పాడ్వాను ఒకే ఊరిలో చూచు మనము, ఈ పలుకుబడులనూ జంటగానే వారికి నేర్పుదాము.