నక్షత్రాలు చూసి అమ్మని చేర్పిస్తామా?



నర్సింగ్ హోమ్ అనగానే మనకి కాన్పులూ, అపెండిసైటిస్ ఆపరేషన్లూ గుర్తొస్తాయి. నాలుగు గదులూ, ఒక డాక్టరమ్మా వున్న చిన్న ఆస్పత్రి అన్నమాట. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు. తుంటి ఎముక విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు, మతి తప్పిన వృద్ధులు నెలలూ, ఏళ్ళూ వుండే చోటుని అక్కడ నర్సింగ్ హోమ్ అంటారు. దేశం మొత్తంమీద అలాంటివి 15 వేలకి దగ్గరగా వున్నాయి.

వాటి గొడవ మనకెందుకూ అంటారేమో. అన్నయ్యో, అక్కయ్యో, కొడుకో, కూతురో అక్కడ లేని ఇల్లు మన వీధిలో ఎన్ని వున్నాయి చెప్పండి? పిల్లల దగ్గరికని వెళ్ళి అక్కడే వుండిపోయిన తల్లిదండ్రులకి యిప్పుడు డెబ్భై దాటాయి, ఎనభై దాటాయి. ఒకరోజు ఫోను వస్తుంది. "అమ్మ బాత్రూంలో పడింది. తుంటికి ఆపరేషనయింది. నడిపించేదాకా ఇంటికి పంపమంటున్నారు. ఎల్లుండిలోగా ఏదో ఒక నర్సింగ్ హోమ్ పేరు చెప్పమంటున్నారు" అని. ఆస్పత్రివాళ్ళు చేతిలో ఒక జాబితా పెడతారు. పేర్లన్నీ చక్కగానే వుంటాయి. కొడుకూ కోడలూ ఆఫీసుకీ, ఆస్పత్రికీ, పిల్లల బడికీ మధ్య పరుగులు పెడుతూ వుంటారు. వాళ్ళకి రాత్రయితే మనకి పగలు. ఆ జాబితా తెప్పించుకుని తీరిగ్గా చదివిపెట్టే పని ఇక్కడున్న మనం చెయ్యొచ్చు. ఎలాగో చెప్తాను.

అక్కడి ప్రభుత్వపు మెడికేర్ సంస్థ 2008 డిసెంబరు నుంచి ఒక్కొక్క నర్సింగ్ హోముకీ ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు ఇస్తోంది. కేర్ కంపేర్ అనే వాళ్ళ వెబ్‌సైట్లో ఊరి పేరు కొడితే ఇవి కనిపిస్తాయి. మన ఫోన్లో తెరుచుకుంటే సరే, లేకపోతే ఆ పేజీలు పిల్లల్ని పంపమనండి. అయిదు నక్షత్రాలు కనబడగానే "హమ్మయ్య" అని అక్కడితో ఆపెయ్యకండి. అసలు సంగతి దాని కిందనే వుంది.

పైన కనబడే ఆ మొత్తం సంఖ్య ఒక కలగూరగంప. దానికింద మూడు లెక్కలు విడివిడిగా వుంటాయి. మొదటిది తనిఖీ. రాష్ట్రప్రభుత్వపు ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వచ్చి చూస్తారు. ఎంత ఆలస్యమైనా 15 నెలల్లోపు ఒకసారి రావాలి. రెండోది సిబ్బంది. ఒక్కొక్క రోగికి రోజుకి ఎంతసేపు నర్సులూ, ఆయాలూ దక్కుతున్నారన్న లెక్క. మూడోది నాణ్యతా లెక్కలు. ఎంతమందికి పడక పుళ్ళు పడ్డాయి, ఎంతమంది కింద పడి దెబ్బలు తగిలించుకున్నారు, ఎంతమందిని మత్తుమందుల్లాంటివాటితో పడుకోబెడుతున్నారు, ఇలాంటివి.

ఈ మూడో లెక్కలో చాలాభాగం ఎవరు రాసి పంపుతారనుకున్నారు? ఆ నర్సింగ్ హోమువాళ్ళే! పిల్లవాడి పేపరు పిల్లవాడే దిద్దుకున్నట్టు. సిబ్బంది లెక్క కూడా ఒకప్పుడు వాళ్ళు చెప్పిందే వేదం. 2014లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీన్ని బయటపెట్టింది. ఆ తర్వాత 2016 నుంచి జీతాల పట్టీలు పంపాల్సిందే అన్నారు. 2018 నుంచి నక్షత్రాలు ఆ పట్టీలనిబట్టే ఇస్తున్నారు. మూడో లెక్కలో మాత్రం యింకా సందులున్నాయి. లేని మనోవ్యాధిని కాగితంమీద రాస్తే, ఆ మందులు వాడుతున్న రోగి లెక్కలోకే రాకుండా పోతాడు. 2023లో ప్రభుత్వమే దీనిమీద ప్రత్యేకంగా తనిఖీలు మొదలుపెట్టింది.

ఇప్పుడు కూడిక చూడండి. ముందు తనిఖీలో వచ్చిన నక్షత్రాలు తీసుకుంటారు. సిబ్బంది లెక్కలో అయిదు వుంటే ఒకటి కలుపుతారు, ఒకటే వుంటే ఒకటి తీసేస్తారు. నాణ్యతా లెక్కకీ అంతే. అంటే ఇన్‌స్పెక్టరు కళ్ళతో చూసి "మూడే" అన్న చోటు కూడా మిగతా రెండిటి పుణ్యాన పైన అయిదు నక్షత్రాలతో మెరవగలదు! అందుకని పేజీ తెరవగానే తనిఖీ నక్షత్రాలు చూడండి, ఆ తర్వాత సిబ్బంది నక్షత్రాలు. మూడోది చివర. నాకైతే తనిఖీలో నాలుగూ, మొత్తంలో నాలుగూ వున్న చోటు, తనిఖీలో మూడు వుండి మొత్తంలో అయిదున్న చోటుకన్నా నయమనిపిస్తుంది.

ఇంకో తిరకాసు వుంది. తనిఖీ నక్షత్రాలు ఆ రాష్ట్రంలో వాళ్ళలో వాళ్ళకి పోటీపెట్టి ఇచ్చేవి. మెరుగైన పదిశాతానికి అయిదు, అట్టడుగు ఇరవైశాతానికి ఒకటి. క్లాసు ఫస్టు వచ్చిన పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయో తెలియనట్టే. డాలస్‌లో వున్న తమ్ముడి జాబితానీ, న్యూజెర్సీలో వున్న చెల్లి జాబితానీ పక్కపక్కన పెట్టి చూసి లాభం లేదు.

పేరు పక్కన ఎర్రటి గుండ్రంలో అరచెయ్యి గుర్తు వుందేమో వెతకండి. రోగుల్ని కొట్టడం, తిట్టడం, హింసించడం వంటివి తనిఖీలో తేలినచోట 2019 అక్టోబరునుంచి ఆ గుర్తు పెడుతున్నారు. అలాంటి చోటికి తనిఖీలో రెండు నక్షత్రాలకి మించి ఇవ్వరు. కానీ ఇందాకటి కూడికప్రకారం మొత్తం నాలుగు కనబడే వీలుంది! నాలుగు కదా అని చేర్పిస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. నోరు విప్పి చెప్పుకోలేని మనిషి విషయం ఇది.

నక్షత్రాలని దాటి తనిఖీ నివేదిక కూడా చదవాలి. ప్రతి లోపానికీ ఇంగ్లీషులో ఎ నుంచి ఎల్ దాకా ఒక అక్షరం వేస్తారు. ఎ అంటే అల్పం. జి, హెచ్, ఐ అంటే నిజంగా ఎవరికో హాని జరిగిందని. జె, కె, ఎల్ అంటే ప్రాణంమీదికి వచ్చే పరిస్థితి అని. వంటింట్లో డబ్బామీద తేదీ వెయ్యలేదన్న లోపాలు పది వున్నా నేను పట్టించుకోను. పుండు పడిందని కూతురు చెప్పినా మూడు రోజులు ఎవరూ చూడలేదన్నట్టు జి ఒక్కటి వుంటే చాలు, ఆ పేరు కొట్టేస్తాను. ఈ నివేదిక అడక్కుండానే చదువుకునేలా నర్సింగ్ హోములో అందరికీ అందే చోట పెట్టాలని అక్కడ చట్టం. మూడేళ్ళ పాతవి అడిగితే చూపించాలి. చూపించడానికి నసిగితే అదీ ఒక జవాబే.

సిబ్బంది పేజీలో శని, ఆదివారాల లెక్క వేరుగా వుంటుంది, ఏడాదిలో ఎంతమంది పని మానేసి పోయారన్న లెక్కా వుంటుంది. 2022నుంచి వీటిని నక్షత్రాల్లోనూ కలుపుతున్నారు. ఆయాలు నెలకొకరు మారే చోట అమ్మకి ఏ పక్కకి ఒత్తిగిలితే నొప్పో ఎవరికి గుర్తుంటుంది?

ఇంత చదివి జాబితాలో రెండు మూడు పేర్లకి తగ్గించాక, పిల్లల్ని వెళ్ళి చూడమనండి. సోమవారం పదింటికి, మేనేజరు టై కట్టుకుని తిప్పి చూపించే వేళకి కాదు. ఆదివారం సాయంత్రం, భోజనాలవేళ. బెల్లు కొడితే ఎంతసేపటికి వస్తున్నారు? తినిపించాల్సిన వాళ్ళకి తినిపిస్తున్నారా, పళ్ళెం అందని చోట పెట్టి వెళ్ళిపోతున్నారా? ముక్కుకి మూత్రం వాసన తగులుతోందా?

దూరం కూడా చూడండి. కొడుకు రోజూ సాయంత్రం వచ్చి పోగల మంచి మూడు నక్షత్రాల చోటు, నలభై మైళ్ళ అవతలి అయిదు నక్షత్రాలకన్నా మేలు. వచ్చిపోయేవాళ్ళున్న మంచాన్ని ఎవరూ మరిచిపోరు. డబ్బు సంగతి ఒక్కమాట: మూడు రోజులు ఆస్పత్రిలో ఇన్‌పేషెంటుగా వున్నాకే మెడికేర్ నర్సింగ్ హోముకి ఇస్తుంది, అదీ వంద రోజులదాకానే, మొదటి ఇరవై దాటితే మన వాటా వుంటుంది. "అబ్జర్వేషన్" అని రాసిన రోజులు ఆ మూడింటిలోకి రావు. ఆస్పత్రిలో వుండగానే అడగమనండి. ఎప్పటికీ వుండిపోయేవాళ్ళ ఖర్చు మెడికేర్ భరించదు.

ఏ నక్షత్రమూ చెప్పని సంగతి అమ్మ భాష. మతిమరుపు జబ్బు ముదిరితే తర్వాత నేర్చుకున్న ఇంగ్లీషు తరచు ముందు పోతుంది, తెలుగు మిగులుతుంది. తెలుగొచ్చిన ఆయా ఎవరైనా వున్నారా అడగండి. లేకపోతే దాహం, నొప్పి, చలి, బాత్రూం లాంటి పది మాటలు ఎలా పలకాలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మంచం దగ్గర గోడకి అంటించమనండి. మాంసం ముట్టదంటే రొట్టె, సలాడు పెట్టి వూరుకుంటారా, ఇంటినుంచి పెరుగన్నం తేనిస్తారా, అదీ చేర్చే ముందే తేల్చుకోవాలి. చేరాక ఇబ్బంది వస్తే ప్రతి రాష్ట్రంలోనూ ఆంబుడ్స్‌మన్ అనే అధికారి వుంటారు, రోగుల తరఫున మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరు గోడమీదే వుంటుంది, రాసి పెట్టుకోమనండి.

చేర్చాక మీ వంతు ఫోను ఆదివారం చెయ్యండి, వాళ్ళ భోజనాలవేళకి, వీడియోలో. కొడుకుని ఫోను మంచం చుట్టూ ఒకసారి తిప్పమనండి. మంచినీళ్ళ గ్లాసు, బెల్లు స్విచ్చి ఆవిడ చెయ్యి అందే దూరంలో వున్నాయో లేదో మీకే కనబడుతుంది.