వక్తృత్వాభ్యాసము – అంతర్జాల తరగతి

(మన సంఘ వార్షిక మహాసభ, విద్యార్థి సమావేశమునందు చదివిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనై నల్లబల్లముందు నిలిచి కాలము గడపినవాడనయ్యును, ఇట్టి మహాసభలో నిలుచునప్పుడు నేటికిని నా మోకాళ్లు కొంచెము వణకుచునే యుండును. ఇది వినయమునకై చెప్పినమాట కాదు. సంఘమువారు నాకు నియమించిన విషయము విద్యార్థుల వక్తృత్వాభ్యాసము గావున, ఆ వణకును ముందుగా నొప్పుకొనుట న్యాయమని తోచినది.

మన సంఘము ఏటేట విద్యార్థివేతనములిచ్చుచున్నది, వసతిగృహము నడుపుచున్నది. పిల్లలును శ్రద్ధగా చదివి మంచి మార్కులు తెచ్చుకొనుచున్నారు. కాని యుద్యోగమునకై పిలిచినచోట “మీ సంగతి నాలుగు మాటలలో చెప్పుడు” అని యడుగగనే ఆ మార్కులన్నియు గొంతులో నిలిచిపోవుచున్నవి. అంతదూర మేల? ఈ మహాసభనే చూడుడు. ఏటేట వేదికమీద మాటలాడువారు ఆ నలుగురమే, అందులో నేనొకడను. వెనుకబల్లలమీది పిల్లలకు చెప్పుకొనవలసిన కష్టములు లేకపోలేదు. చెప్పు నోరు లేదు. నోరులేనివాని న్యాయము వానితోనే యుండిపోవును.

ఈ విషయమున నాకు కన్నులు తెరపించినది శాస్త్రము కాదు, మా అన్నగారి మనుమరాలు. ఆ కథ మనవి చేసెదను.

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ అమలునకు వచ్చి, కళాశాలలు మూతబడి, చదువులు సెల్‌ఫోనులలోనికి వచ్చిన సంగతి మీ రెరుగుదురు. ఆ పిల్ల అప్పుడు డిగ్రీ చదువుచుండెను. వారి గ్రామమున సిగ్నలు చాలక, కొంతకాలమునకు మా యింటికి వచ్చి యుండెను. వారి తరగతులలో ఉపన్యాస మొక పాఠ్యభాగము. ప్రతి విద్యార్థియు అయిదు నిమిషములు మాటలాడవలెను. మొదటినాడు అధ్యాపకురాలు పేరు పిలువగనే మా పిల్ల “మేడమ్, నెట్‌వర్క్ లేదండీ” అని ఫోను కట్టివేసెను. నేను ప్రక్కగదిలోనే యుంటిని. నెట్‌వర్కు నిండుగానే యున్నది, లేనిది ధైర్యము.

నేను గద్దింపలేదు. ఏల గద్దింపలేదో చివర చెప్పెదను. “ఏమమ్మా?” యని మాత్ర మడిగితిని. “తాతయ్యా, అందరూ కెమెరాలు ఆపేసుకుంటారు. ఎవరి మొగమూ కనపడదు. గోడతో మాట్లాడినట్టుంటుంది. కాని ఆ గోడ వెనకాల అరవైమంది నవ్వుకుంటున్నారేమో అనిపిస్తుంది” అని చెప్పెను. సభాభీతికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నేనే గ్రంథమునను చదువలేదు. ఎదుట కన్పడు సభకంటె కన్పడని సభయే యెక్కువ భయపెట్టును.

ఆ భయ మొక్క మన పిల్లలదే కాదు. గాంధీమహాత్ముడు బారిష్టరై 1891లో స్వదేశమునకు వచ్చి, బొంబాయి చిన్నవ్యాజ్యముల కోర్టులో తన తొలి దావాలో ప్రశ్నలు వేయుటకు లేచి, తల తిరిగి, మాట రాక కూర్చుండిపోయెను. ఫీజు తిరిగి యిచ్చెదను, వేరొక వకీలును పెట్టుకొనుడని చెప్పెను. ఈ సంగతి నాతడే తన యాత్మకథలో వ్రాసికొనెను. 1893లో దక్షిణాఫ్రికాకు పోయిన పిదప, ప్రిటోరియాలో నచటి భారతీయులను చేర్చి, వ్యాపారమున సత్యమును గూర్చి మాటలాడెను. అదియే తన మొదటి బహిరంగోపన్యాస మని చెప్పుకొనెను. బొంబాయిలో రాని మాట ప్రిటోరియాలో నెట్లు వచ్చెను? అక్కడ చెప్పితీరవలసిన విషయ మొకటి యాతని మనస్సులో నుండెను. కావున మా పిల్లతో నేననిన మొదటిమాట యిది: “ఎట్లు చెప్పవలెనో తరువాత చూతము. నీకు చెప్పవలసినది ఏమున్నది?” ఆమె రెండుదినము లాలోచించి, తమ యూరినుండి కళాశాలకు పోవు ఆడపిల్లలకు సాయంకాలము బస్సు లేకపోవుటను విషయముగా నెంచుకొనెను.

ఇక అభ్యాసక్రమము. మన పెద్దలు దీనిని నిర్లక్ష్యము చేయలేదు. పాణినీయశిక్ష చదువువారి దోషములను లెక్కపెట్టినది: రాగము తీయువాడు, తొందరపడువాడు, తల యూపువాడు, వ్రాసినది చూచి చదువువాడు, అర్థ మెరుగనివాడు, గొంతు పెగలనివాడు, ఈ యార్గురు నధములు. మాధుర్యము, అక్షరముల స్పష్టత, పదముల విరుపు, మంచి స్వరము, ధైర్యము, లయ యనునవి గుణములు. కిష్కింధాకాండమున హనుమంతుని తొలిమాటలు విని శ్రీరాముడు లక్ష్మణునితో మెచ్చుకొనిన సంగతులును ఇవియే: ముఖమునగాని కన్నులయందుగాని కనుబొమలయందుగాని వికారము లేదు, మాట విస్తరింపలేదు, సందేహము మిగుల్పలేదు, సాగదీయలేదు, తొందరపడలేదు, గొంతు మధ్యమస్వరమున నున్నది. ప్రాచీనమైన యీ కొలతలు నేటి కెమెరాకు సరిగా సరిపోవుట చూచి నేనే యాశ్చర్యపడితిని. చిన్న తెరలో ముఖమొక్కటే కన్పడును గదా. కనుబొమ ముడిపడినను పెద్దదిగా కన్పడును.

మేము చేసిన పనులను క్రమముగా చెప్పెదను, పిల్లలు వ్రాసికొనవచ్చును.

మొదటిది, తన మాటను తాను వినుట. గ్రీకు వక్త డెమొస్తనీసు అద్దము ముందు నిలిచి యభ్యసించెనని ప్లుతార్కు వ్రాసెను. నేటి పిల్లల చేతిలో ఫోనే అద్దము. అది చూపుటయేకాక వినిపించును కూడ. మా పిల్ల తన మాటను రికార్డు చేసికొని తొలిసారి విని, చెవులు మూసికొనెను. రెండుదినములు పోయిన పిదప తప్పులు తానే వెదకసాగెను. గురువు పది పర్యాయములు చెప్పినను తలకెక్కని తప్పు తన చెవి కొకసారి తగిలిన చాలును.

రెండవది, ఊతపదములు. ఆమెకు ప్రతి వాక్యమునను “అంటే”, “ఇంకా”, “ఆఁ” అనునవి వచ్చుచుండెను. నా భార్య యొక గిన్నె ముందుంచుకొని, ఊతపదము వచ్చినప్పుడెల్ల ఒక చింతగింజ వేయుచుండెను. మొదటినాటి అయిదు నిమిషములకు ముప్పదియొక గింజ. నెల తిరుగునప్పటికి ఆరు. ఇది మా వంటయింటి తంత్ర మని మేము గర్వించుచుండగా, 1924లో అమెరికాలో పుట్టిన టోస్ట్‌మాస్టర్సను వక్తృత్వసంఘమువారు ఇట్టి లెక్కకు ప్రత్యేకముగా నొక సభ్యుని నియమింతురని తరువాత తెలిసినది. అయిదేడు నిమిషముల యుపన్యాసమునకు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపములతో కాలము తెలుపుదురు. మన సభలలో నా యెఱ్ఱదీప ముండిన నెంత బాగుండునో! నన్ను చూచి నవ్వకుడు, నాకును పనికివచ్చును.

మూడవది, కాగితము. మొదట నామె యంతయు వ్రాసికొని తెరప్రక్కన పెట్టుకొని చదివెను. కన్నులు ప్రక్కకు పోవుట అందరకు తెలిసిపోయెను. శిక్షాకారుడు నిందించిన లిఖితపాఠకుడు వీడే గదా! తరువాత నాలుగు ముఖ్యాంశములు మాత్రము నాలుగు పంక్తులుగా వ్రాసికొని, తక్కినది అప్పటికప్పుడు చెప్పుట నేర్చెను.

నాలుగవది, చూపు. అంతర్జాల తరగతిలో ఎదుటివారి ముఖము చూచి మాటలాడినచో వారికి మనము క్రిందికి చూచుచున్నట్లు కన్పడుదుము. కెమెరాకంటిని చూచిననే వారి కన్నులలో చూచినట్లగును. ఇది స్వభావవిరుద్ధము గనుక అభ్యాసము కావలెను. ఆమె కెమెరా ప్రక్కన ఒక బొట్టుబిళ్ల నంటించి, దానినే శ్రోతగా భావించెను.

అయిదవది, నిజమైన శ్రోతలు. అమెరికా కళాశాలలు కొన్నింటిలో అంతర్జాలమున వక్తృత్వము నేర్చు విద్యార్థి కొందరు పెద్దవారిని ముందు కూర్చుండబెట్టుకొని మాటలాడి, దానిని చిత్రించి పంపవలయునను నియమ మున్నది. మేమును కెమెరా వెనుక మూడు కుర్చీలు వేసి, నేను, నా భార్య, ప్రక్కయింటి విశ్రాంత తపాలా యుద్యోగి కూర్చుంటిమి. గోడ పోయి మనుష్యులు వచ్చిరి.

తుదకు పరీక్షదినము వచ్చెను. ఆమె మాటలాడుచుండగా మూడవ నిమిషమున వానకు కరెంటు పోయి తరగతి తెగిపోయెను. మునుపటి పిల్లయైనచో దేవుడు మేలు చేసెనని సంతోషించియుండును. ఇప్పుడు నా ఫోను లాగికొని మరల చేరి, “క్షమించండి, బస్సు గురించి చెబుతున్నాను” అని విడిచినచోటనే యందుకొనెను. ఆ యొక్క వాక్యమునకే నేను నూటికి నూరు మార్కులు వేసితిని.

మరుసటియేడు వారి గ్రామసభలో నా యమ్మాయి లేచి, ఆ బస్సు సంగతినే నాలుగు నిమిషములు మాటలాడెను. బస్సు వచ్చినదా యని మీ రడుగవచ్చును. వెంటనే రాలేదు. కాని యర్జీ పుస్తకమున కెక్కినది. మరునెల ఇంకను ముగ్గురు ఆడపిల్లలు లేచి అదేమాట యడిగిరి.

పెద్దల సందేహములు రెండు విన్నాను. ఆడపిల్లల మాటలు, చిత్రములు ఫోనులలో నుండుట క్షేమమా యని యొకటి. ఆ జాగ్రత్త తగినదే. అభ్యాసమునకై తీసినది తన ఫోనులోనే యుంచుకొని, విని, తుడిచివేయవలెను, ఒరులకు పంపరాదు. జాగ్రత్త పేరిట నోరు మూయుట మాత్రము తగదు. యంత్రము గురువు కాగలదా యని రెండవది. కాజాలదు. తెరలో భుజములక్రింద దేహము కన్పడదు. నిలుకడ, చేతుల కదలిక అలవడవు. చివరిబల్లకు వినబడునట్లు గొంతెత్తుట రాదు. మైకు లేని సభలో తెరవక్త తేలిపోవును. కాన తెరమీద నారంభించి సభలో ముగింపవలెను. ఐ.ఐ.టి.లవారు 2003లో నారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములును, 2017లో కేంద్రప్రభుత్వము స్థాపించిన స్వయం పాఠములును రుసుము లేకయే వినవచ్చును. పరీక్షకు కూర్చుండి యోగ్యతాపత్రము కోరువారే రుసుము కట్టవలెను. పాఠము దొరకును, ఓపికగా వినువారిని మనము సమకూర్పవలెను.

కావున సంఘమువారికి నా విన్నపములు మూడు. వసతిగృహమున నొక గదిని, ఒక కంప్యూటరును, చెదరని ఇంటర్నెట్టును వక్తృత్వాభ్యాసమునకు కేటాయింపుడు. వారమున కొక సాయంకాలము తెలుగునను ఇంగ్లీషునను పిల్లలు మాటలాడునట్లును, పెద్దలలో ఇరువురు పోయి వినునట్లును ఏర్పాటు చేయుడు. వచ్చు మహాసభలో మా నలుగురి యుపన్యాసములలో ఒకటి తగ్గించి, పిల్లలకు మనిషికి అయిదు నిమిషములచొప్పున ఒక గంట యిండు. తగ్గింపవలసినది నాదే యైనను సంతోషమే.

ఇక మొదట దాచిన మాట. చాలయేండ్ల క్రిందట నా పాఠశాలలో ఆగస్టు పదునైదవనాడు ఒక పిల్లవాడు మాటలాడుటకు లేచి రెండవ వాక్యమున తడబడెను. పిల్లలు నవ్విరి. నేనును నవ్వితిని, “కూర్చోరా, నీవల్ల కాదు” అని మరియొకనిని పిలిచితిని. మొన్న నాతడు తన కూతురి పెండ్లికి పిలువవచ్చి, శుభలేఖ నా చేతి కిచ్చి, పిలుపుమాటలు తన తమ్మునిచేత చెప్పించెను. ఆ శుభలేఖ నేటికిని నా బల్లమీద నున్నది. నా మనుమరాలిని నేను గద్దింపకపోవుటకు కారణ మదియే. నేను ముప్పదియైదేండ్లు వ్యాకరణము చెప్పితిని. ఒక్కని మాటను మాత్రము నా నవ్వుతో త్రుంచివేసితిని. ఆతడు మనవాడే, ఈ సభలో నున్నను ఉండవచ్చును. ఉన్నచో, ఇంతమంది యెదుట నన్ను క్షమింపుమని వేడుచున్నాను.

పిల్లలారా! తడబడుడు, కాని కూర్చుండకుడు. పెద్దలారా! వినుడు, కాని నవ్వకుడు. వక్తృత్వవిద్యలో సగభాగము మాటలాడువానిది. తక్కిన సగము వినువానిది.