పాతిక మందికి ఒక సూపర్‌వైజర్

జంషెడ్‌పూర్‌లో సాక్చి, బిష్టుపూర్, కదమా వైపు టిఫిన్ సెంటర్లు నడుపుతున్నవారికీ, పెళ్ళి వంటలు ఒప్పుకునేవారికీ ఈ నాలుగు మాటలు.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఏర్పడిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంస్థ ఫోస్టాక్ పేరుతో ఆహార భద్రతలో శిక్షణ ఇప్పిస్తోంది. లైసెన్సున్న వ్యాపారంలో ప్రతి 25 మంది సిబ్బందికీ కనీసం ఒక్కరైనా ఈ శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఉండాలి. క్లాసు ఒక పూటో, ఒక రోజో. చివర్లో చిన్న పరీక్ష. సర్టిఫికెట్ రెండేళ్ళు చెల్లుతుంది.

ఇది కాగితం కోసం చేసే పని కాదని నా గట్టి నమ్మకం. మన దద్దోజనం సంగతే చూడండి. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి గదిలోనే వదిలేస్తే అవి మొలకెత్తి, పెరిగి, విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాసనా రాదు, రుచీ మారదు. మే నెలలో ఇక్కడి ఎండ సంగతి మీకు తెలిసిందే! అందుకే వేడి వంటకం 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపల ఉండాలంటారు. చేతి అంచనా చాలదు, థర్మామీటరు కొనండి.

పేరు నమోదు చేసుకునే ముందు మీ పనికి తగిన కోర్సు ఏదో, క్లాసు ఏ భాషలో జరుగుతుందో శిక్షణ సంస్థను అడగండి. నేర్చుకున్నది గిన్నెలు కడిగే మనిషి దాకా చెప్పాల్సిన బాధ్యత సూపర్‌వైజర్‌దే.