మురుగు కాలువలో ఎరువు ఎవరిది? కొలిచి చెబుదాం

(రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



బుడమేరు, తమ్మిలేరు, డెల్టా మురుగు కాలువలు కొల్లేరులో కలుస్తాయి. వాటి పక్కన సేద్యం చేసేవాళ్లం మనం. గుర్రపుడెక్క పెరిగినా, నీరు పచ్చబడినా ‘రైతులు ఎరువులు గుమ్మరిస్తున్నారు’ అనే మాటే ముందు వస్తుంది. అదే కాలువలోకి పట్టణాల మురుగు వస్తుంది, చేపల చెరువుల నీరు వస్తుంది, మన మడి నీరూ పోతుంది. ఎవరి వాటా ఎంత? కొలవకుండా మనల్ని నిందించడం ఎంత తప్పో, కొలవకుండా ‘మాది కాదు’ అనడమూ అంతే తప్పు.

మామూలుగా సీసాలో నీరు పట్టి ల్యాబుకు పంపుతారు. అది ఆ నిమిషం సంగతే చెబుతుంది. యూరియా చల్లిన మర్నాడు వాన కురిసి, గట్టు తెగి నత్రజని కొట్టుకుపోయిందనుకోండి. పది రోజుల తర్వాత పట్టిన సీసాలో దాని జాడ దొరకదు.

ఇందుకు పనికొచ్చేది అయాన్ మార్పిడి రెజిన్. నీటి కాఠిన్యం తగ్గించే యంత్రాల్లో వాడే సన్నటి గుళికల జాతిదే ఇది. ఒక రకం గుళికలు అమ్మోనియాన్ని, రెండో రకం నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను పట్టుకుని, బదులుగా తమలోని వేరే అయాన్లను నీటిలోకి వదులుతాయి. రెండు రకాలూ కలిపి చిన్న నైలాన్ సంచిలో పోసి, కర్రకు కట్టి, పారే నీటిలో మునిగేలా వారం, పది రోజులు ఉంచాలి. ఆ రోజులన్నిటిలో పోయిన పోషకాల గుర్తు సంచిలో మిగులుతుంది. తీశాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, శుభ్రమైన కవరులో, ఐసు మీద ల్యాబుకు చేర్చాలి. అక్కడ పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో వాటిని విడదీసి కొలుస్తారు.

సంచులు ఒకేచోట కడితే లాభం లేదు. పట్టణ మురుగు కలిసే చోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి. చెరువుల తూముకు ఎగువన, దిగువన. మన పొలాల బోదె కలిసే చోటుకూ అంతే. అన్నీ ఒకే రోజు కట్టి, ఒకే రోజు తీయాలి. ఒక సంచిని కాలువలో వేయకుండా కవరులోనే ఉంచి, పోల్చడానికి పంపాలి.

దీనికీ హద్దులున్నాయి. నీటి వేగాన్ని బట్టి పట్టు మారుతుంది. ఒండ్రు కమ్మితే తగ్గుతుంది. ఉప్పునీరు ఎగదన్నే చోట క్లోరైడ్ పోటీపడి నైట్రేట్‌ను చిక్కనివ్వదు. యూరియా కూడా అమ్మోనియంగా మారాకే చిక్కుతుంది. కాబట్టి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పడానికి సీసా నమూనా కూడా కావాలి. తాగునీటిలో నైట్రేట్‌కు ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. దానితో పోల్చాల్సింది సీసా లెక్కనే.

మన బోదె దిగువ సంచిలో ఎక్కువ తేలితే దాచొద్దు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు. కాలువ పాలయ్యేది మన డబ్బే. మడిలో నీరు తీసి, బురద పదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత నీరు పెట్టి, తూము మూసి ఉంచుదాం. పట్టణం దిగువనో, చెరువుల దిగువనో ఎక్కువ తేలితే ఆ కాగితంతోనే అధికారులను నిలదీద్దాం.

ఈ సార్వాలో ప్రతి గ్రామ కమిటీ ఒక కాలువను ఎంచుకోవాలి. మొదటి యూరియా చల్లకముందు ఒకసారి, చల్లాక ఒకసారి సంచులు కట్టాలి. కట్టిన తేదీ, తీసిన తేదీ, వాన, కాలువ మట్టం పుస్తకంలో రాయాలి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలతో రండి.