శాసించువానికిని శాసనమే

గోదావరీతీరమందలి మన దుమ్ముగూడెము షెడ్యూలు ప్రాంతము. ఇట్టి ప్రాంతములలో కోయలు మొదలగు గిరిజనుల భూములు అన్యుల పాలు గాకుండ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1959లో భూబదలాయింపు నిబంధనను గావించి, 1970లో దానిని మఱింత కఠినము చేసి, భూమి గిరిజనునకో, గిరిజనుల సహకార సంఘమునకో తప్ప ఇతరులకు బదిలీ యగుట చెల్లదని శాసించినది.

అయితే, ఆ నియమమును విధించిన ప్రభుత్వమే, అట్టి ప్రాంతమే యగు విశాఖ మన్యమున, అనంతగిరి మండలములోని బొర్రా పరిసరములందు, ప్రైవేటు గనుల సంస్థలకు భూములను లీజుకిచ్చెను. సామాన్యునకు నిషిద్ధమైన కార్యము సర్కారునకు సమ్మత మెట్లగునని ‘సమత’ యను స్వచ్ఛందసంస్థ ప్రశ్నించి, హైకోర్టున ఓడియు వెనుదీయక సుప్రీంకోర్టు నాశ్రయింపగా, 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఒకరు విభేదించినను, ఆ నిషేధము ప్రభుత్వమునకును వర్తించునని తీర్పు చెప్పెను.

కంచెయే చేను మేసినపుడు ప్రజలకు కలుగు నష్టము కేవలము భూనష్టము గాదు. చట్టము బలహీనులను బంధించుటకే గాని బలవంతులను నిలువరించుటకు గాదను అవిశ్వాసము హృదయములందు నాటుకొనును. ఆ అవిశ్వాసమును పోగొట్టునది ఉపన్యాసము గాదు, పాలకులు తమ నియమమునకు తామే లోబడుట.

పాలకులు అట్లు లోబడుచున్నారో లేదో అడుగుటకు ప్రజలకును తావున్నది. 1996 నాటి పెసా (షెడ్యూలు ప్రాంతములకు పంచాయతీల విస్తరణ) చట్టము ప్రకారము, షెడ్యూలు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదింపవలెను. కావున గ్రామసభకు తప్పక పొండు. నియమ మేమని నిర్భయముగా అడుగుడు.