యాభై లోపు వచ్చే రొమ్ము క్యాన్సర్

రొమ్ము క్యాన్సర్ పేరెత్తగానే చాలామందికి అరవై దాటిన పెద్దావిడే మెదులుతుంది. ట్రిపుల్ నెగెటివ్ రకం ఆ లెక్కకు లొంగదు. నలభైల్లో, ఒక్కోసారి ముప్ఫైల్లోనే వస్తుంది. మామోగ్రామ్ బాగుందన్నాక, మళ్లీ తీయించుకునేలోపే గడ్డ తేలడమూ ఉంది. పాశ్చాత్య దేశాల్లో రొమ్ము క్యాన్సర్లలో దీని వాటా నూటికి 10–15. భారతీయ అధ్యయనాల్లో అంతకంటే ఎక్కువే కనిపిస్తోంది.

మిగతా రకాల్లో చాలావాటికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లో, హెర్‌2 అనే ప్రొటీనో ఊతమిస్తాయి. ఆ ఊతం తీసేసే మందులున్నాయి: 1970ల నాటి టామాక్సిఫెన్, 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్. ట్రిపుల్ నెగెటివ్ కణాల్లో ఆ రెండు హార్మోన్లను అందుకునే గ్రాహకాలు గానీ, అతిగా పేరుకున్న హెర్‌2 గానీ ఉండవు. ఎంత డబ్బు పోసినా ఆ మందులిక్కడ దండగ.

ఎవరికి ముప్పు? మొదట చెప్పుకోవలసింది బ్రాకా1 జన్యువు. 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 17వ క్రోమోజోము మీద దాని చోటు పట్టుకున్నారు. అందులో లోపమున్న స్త్రీలకు వచ్చే రొమ్ము క్యాన్సర్లలో సగానికి పైగా ఈ రకమే. డాక్టరు కుటుంబ చరిత్ర అడిగితే మనవాళ్లు అమ్మమ్మ, పిన్నమ్మల గురించి చెప్పి ఊరుకుంటారు. ఈ లోపం తండ్రి నుంచీ సంక్రమిస్తుంది. నాయనమ్మ, మేనత్తల సంగతీ చెప్పాలి. అండాశయ క్యాన్సరుతో పోయినవాళ్లనూ కలపాలి. అయితే జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి ఆ లోపమే ఉండదు. బిడ్డకు పాలిచ్చిన తల్లులకు ముప్పు కొంత తగ్గుతుంది, అంతేగాని పోదు.

చికిత్సకు వెన్నెముక కీమో. గడ్డను వెంటనే కోసి తీసేయమని బంధువులు పట్టుబడతారు. కానీ అది రెండు సెంటీమీటర్లు దాటినా, చంకలోని గ్రంథులకు పాకినా సాధారణంగా ముందు కీమో, తర్వాతే ఆపరేషన్. మందు పనిచేస్తోందో లేదో అప్పుడు కళ్లెదుటే తెలుస్తుంది. పూర్తిగా కరిగితే తిరగబెట్టే అవకాశం బాగా తక్కువ. మిగిలితే ఆపరేషన్ తర్వాత కాపెసిటబిన్ మాత్రలు, బ్రాకా లోపముంటే ఒలాపరిబ్.

ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు 720 మంది స్త్రీలపై ఒక పరిశోధన చేశారు. మామూలు కీమోకు కార్బోప్లాటిన్ జోడిస్తే ఏమవుతుందో చూశారు. 2022లో అమెరికాలోని శాన్ ఆంటోనియో సదస్సులో ఫలితాలు చెప్పారు. యాభై ఏళ్లలోపు స్త్రీలలో బతికినవారి సంఖ్య స్పష్టంగా పెరిగింది. పై వయసువారిలో ఆ మేలు కనిపించలేదు. కార్బోప్లాటిన్ దశాబ్దాల నాటి చవక మందు! రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే పెంబ్రోలిజుమాబ్‌కు తొలి దశల్లోని ఈ జబ్బుకు వాడేందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది, దాని మేలూ నిజమే, ఖర్చు మాత్రం లక్షల్లో. పొలం అమ్మడానికి సిద్ధపడే కుటుంబానికి ఈ రెండు సంగతులూ కలిపి చెప్పాలి.

తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే. ఐదేళ్లు దాటాక ఆ ముప్పు బాగా పడిపోతుంది. హార్మోన్ రకమైతే ఇరవై ఏళ్ల తర్వాతా తలెత్తవచ్చు. అందుకే ఆ మూడేళ్లూ డాక్టరు రమ్మన్న తేదీని, ఇంట్లో పెళ్లి ఉన్నా సరే, వాయిదా వేయకూడదు.